శ్వేతపత్రం మీద ఎర్ర ముద్ర

భూపాలపల్లి బస్టాండులో టీ తాగుతున్న చత్రు గ్లాసుతో సహా బెంచీ మీద ఒరిగిపోయాడు. మెడ మీద సూది గుచ్చిన మచ్చ. 'సర్కిల్ నైన్' అనే విదేశీ ముఠాను వెంటాడుతున్న సీక్రెట్ ఏజెంట్ అతను.

మర్నాడు పొద్దున జనగామలో రైలెక్కిన చీఫ్ వీరేందర్, ఏజెంట్ నీలి ఎదుట కూర్చుని బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. బయ్యారం ఇనుప ఖనిజం మీద సర్కారు ఇవాళ మహబూబాబాద్ సభలో శ్వేతపత్రం విడుదల చేస్తోంది. ముఠా దానికి నకిలీ తయారుచేసింది. గుట్ట కింది తండాలన్నీ ఖాళీ చేయాలని అందులో ఉంది. అది చదివితే జనం వేదిక మీదికి ఉరుకుతారు, తుపాకులు పేలుతాయి. గొడవల జిల్లా అని మిగతా కంపెనీలు తప్పుకుంటే గని ముఠాకు చిక్కుతుంది.

ఆ తండాల్లో ఒకటి నీలిది. సభలో ముందు వరుసలో ఉండేది ఆమె అన్న మోతీ.

"శ్వేతపత్రమంటే ఏంది సార్, హుకుమా?"

"కాదు. సర్కారు తనకు తెలిసిన నిజాలు, ఇంకా తేల్చని ఆలోచనలు జనం ముందర పెట్టి, మీరేమంటరు అని అడిగే కాయితం. చట్టం తర్వాతి ముచ్చట."

"అందరికీ పంచేదానికి మన కాపలా ఏంది?"

"రాసింది రాసినట్టు చేరాలె గదా."

సభ దగ్గర రూప అనే మన ఏజెంట్ కలుస్తుందని, కోడ్ వర్డ్ మిర్చి రేటని చెప్పి వీరేందర్ కాజీపేటలో దిగిపోయాడు. నీలి కాలు కుదురుగా నిలవలేదు. దారి పొడవునా కడియం మోగుతూనే ఉంది. అద్దాల రవిక, మోచేతి దాకా గాజులు. ఈ వేషానికి ట్రైనింగ్ అక్కర్లేదు, అన్నీ అమ్మవే. చెవి దుద్దులో మాత్రం మైకు ఉంది.

సభ దగ్గర పట్టుచీర, నల్లద్దాలతో మెరిసిపోతున్న ఆడమనిషి ఎదురైంది. మెడలో మీడియా కన్సల్టెంట్ కార్డు.

"మిర్చి రేటెట్లుంది అక్కా?"

"ఎండకంటే ఎక్కువ మండుతోంది," అంటూ రూప ఒక కాగితాల కట్ట అందించింది. వేదిక మీదున్నది నకిలీదట. అసలుది ముఠా దగ్గర్నుంచి తాను కొట్టుకొచ్చిందట. ఆఫీసరు నోరు తెరవకముందే మోతీతో చదివించాలట. "మీ అన్న నీ మాటే నమ్ముతాడు."

తన తండా పేరు కనబడగానే నీలి మిగతాది చదవలేదు. పరుగున వెళ్లి కట్టను అన్న చేతిలో పెట్టింది. మోతీ మైకు అందుకుని కాగితం పైకెత్తాడు. ఎండ పడి ఎర్ర ముద్ర కనిపించింది: టాప్ సీక్రెట్.

ఇన్నేళ్లుగా ఆమె చేతికొచ్చిన ప్రతి కాగితం మీదా అదే ముద్ర. అందుకే ఇందాక కన్ను దాని మీద ఆగలేదు. కానీ ఊరందరికీ పంచే కాగితానికి రహస్యమని ముద్ర ఎందుకు?

మోతీ నోరు తెరిచాడు. నీలి కట్టను లాగేసుకుంది.

"ఏందే చెల్లె, ఇచ్చుడెందుకు, గుంజుకునుడెందుకు?" జనం నవ్వారు.

రూప లిప్‌స్టిక్ మూత తీసింది. రివ్వున వచ్చిన సూది నీలి గాజులకు తగిలి కింద పడింది. చత్రు మెడలో దిగిందీ ఇలాంటిదే, మన ఏజెంటే ముఠాకు అమ్ముడుపోయింది. దుద్దులోకి ఒక్క మాట చెప్పేసరికి మఫ్టీ పోలీసులు రూపను చుట్టుముట్టారు.

ఆఫీసరు అసలు శ్వేతపత్రం చదివాడు. అందులో ఏదీ ఇంకా తేల్చలేదు. మోతీ లేచి అడగడం మొదలుపెడితే ఆఫీసరు మధ్యాహ్నం దాకా చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు. తుపాకీ ఒక్కటీ పేలలేదు.

సాయంత్రం నీలి తన రిపోర్టుకు ఆ శ్వేతపత్రం ప్రతి ఒకటి జతచేసి పంపింది. వీరేందర్ అలవాటు కొద్దీ ప్రతి పేజీ మీదా ఎర్రగా ముద్ర కొట్టి బీరువాలో పెట్టి తాళం వేశాడు.