తోమేసిన ముక్కు

పెద్ద వరదకు వంటింట్లోకి నీళ్ళొచ్చిన ఏడాది జరిగిందిది. ఆ ఇంటి పెద్దాయన ఊరందరి గిన్నెలకూ కళాయి వేసి బతికినవాడు. ఆ పొగలకు ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది. పూలవాసనకూ మురుగుకంపుకూ తేడా తెలియదు. పని మానేసినా చేతులు ఊరుకోవు. మసి కనబడితే తోమాల్సిందే. "మీ మామయ్య ఎదురుగా నల్లపిల్లి కూడా తిరగదు" అని అత్తగారు కోడలితో అని నవ్వేది.

కోడలు యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. గ్యాసు లీకైతే పసిగట్టి మోగే సెన్సర్లు ఆమె పని. వేలిగోరంత గాజు బిళ్ళల మీద పొగమంచు కన్నా పల్చగా కార్బన్ పూత. వంటింటి ఆవిరికి తట్టుకుంటాయో లేదో చూద్దామని కొన్ని బిళ్ళలు తెచ్చి పొయ్యి పక్క అలమరలో పెట్టింది. అవేమిటని అత్తగారు అడిగితే, నానోలూ గీనోలూ ఎందుకులెమ్మని, ఒకరకం మసి అని చెప్పింది. ఆ మాట పెద్దాయన చెవిన పడింది.

పొద్దున్నే కోడలు వచ్చి చూసేసరికి బిళ్ళలు అద్దాల్లా మెరుస్తున్నాయి. పక్కన పీచు. పెద్దాయన మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు.

ఆమె అక్కడే చతికిలబడింది. వాటిని ఆ వారమే గైడుకు చూపించాలి. వానాకాలమంతా వాటితోనే గడిచింది. అడక్కుండా ఎందుకు ముట్టుకున్నావని కొడుకు తండ్రి మీద విసుక్కున్నాడు. ఇక సామానుతో పాటు తనూ హాస్టల్లోనే ఉంటానంది కోడలు. ఆ పిల్ల గొంతు లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు. పెద్దాయన ఆమె పక్కకొచ్చి కూర్చున్నాడు.

"మసి అన్నావు కదమ్మా. నీకు పని తగ్గుతుందని తోమాను."

"మసి కాదు మామయ్యా. అది మీ ముక్కు."

ఆయనకు అర్థం కాలేదు. ఎండాకాలంలో ఆయన గ్యాసు విడిచిపెట్టి, వాసన తెలియక అగ్గిపెట్టె పట్టుకు నిలబడిన రోజును ఆమె గుర్తుచేసింది. తను పరుగెత్తుకొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాతే గైడుతో పోట్లాడి ఈ పని ఎత్తుకుంది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

పెద్దాయన బిళ్ళను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. కళ్ళు చెమర్చాయి.

"అయితే నా ముక్కు నేనే కోసుకున్నానన్నమాట."

కోడలు ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. పూత మళ్ళీ వేసుకోవచ్చులెండి అంటూ గైడుకు ఫోన్ చేసి గడువు అడిగింది. హాస్టల్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పాలు మాడి గిన్నె అడుగు నల్లబడింది. పీచు అందుకోబోయిన పెద్దాయన చెయ్యి సగంలో ఆగింది. గిన్నె పట్టుకెళ్ళి కోడలి గది ముందు నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఇది తోమొచ్చా?"