దొరగారి ఫోటోలో ఇప్పచెట్లు

"కాస్త పక్కకు జరుగుతారా, ఫోటోలో పడుతున్నారు." తెరెసా గజేందర్‌తో అన్న మొదటి మాట ఇదే.

అతను జరిగాడు. ఆమె గోడను ఫోటో తీసి మేనేజరు సంజీవరావు గారికి పంపింది. పదహారు ఫ్రేములూ వంకర లేకుండా వేలాడదీసిన మనిషి ఆ ఫోటోలో లేడు.

ఆ ఎడారి దేశంలో, అల్ ముంతజా పేటలోని ఆ గ్యాలరీలో ఫోటోల కింద రాతలు రాయడం తెరెసా పని. భీమవరం పిల్ల, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఈసారి ప్రదర్శన నూటయాభై ఏళ్ళ కిందట ఒక తెల్లదొర తీసిన ఆదిలాబాద్ అడవులు. దొరగారు గుర్రం మీద ఊరేగితే, ఆయన కెమెరా కూలీల నెత్తి మీద ఊరేగింది. కూలీలు ఒక్క ఫోటోలోనూ లేరు. "మనిషి అడుగు పడని అడవి" అని తెరెసా రాస్తే, సంజీవరావు గారు కవిత్వమని మురిసిపోయారు.

అది చదివి గజేందర్ నవ్వాడు. ఆమెకు ఒళ్ళు మండి, ఎందుకు నవ్వారని నిలదీసింది.

"ఏడో ఫోటో చూడుండ్రి మేడం. అన్ని చెట్లు కొట్టేసి ఇప్పచెట్లే ఇడిసిండ్రు. మేం గోండోళ్ళం, చేను కోసం అడవి కొట్టినా ఇప్పచెట్టు ముట్టం. మనిషే లేకుంటే గిట్ల ఏరి ఏరి కొట్టిందెవరు, కోతులా?"

మొద్దుల మధ్య ఏడు ఇప్పచెట్లు. తెరెసాకు తల కొట్టేసినట్లయింది. ఆ దొర కూడా జనాన్ని పక్కకు జరగమనే ఉంటాడని, ఇలాంటి ఫోటోలు చూసి సర్కారు ఎవరిదీ కాని అడవని గీత గీసిందని, తన ముత్తాత సొంత చేనులోనే దొంగయ్యాడని అతను మామూలుగా చెప్పాడు. కోప్పడి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది.

వివరాల కోసమని ఆమె అతన్ని వారం రోజులు పక్కపేట నజ్మాలో చాయ్‌కి పిలిచింది. అడవి గురించి రెండు ప్రశ్నలు, అతని గురించి పాతిక. ఇప్పపువ్వు ముందు పూతరేకులు దిగదుడుపని అతనన్నందుకు రెండు రోజులు పోట్లాడింది. మూడో రోజు అతను రావడం ఆలస్యమైతే ప్రాణం గిలగిల్లాడింది.

ఏడో ఫోటోకి ఆమె మార్చి రాసిన కొత్త రాత చూసి సంజీవరావు గారు ముఖం చిట్లించారు. జనానికి అందం కావాలి గానీ తగువు కాదన్నారు. పాత రాత ఉండకపోతే ఆమె భీమవరం వెళ్ళిపోవచ్చన్నారు. సంగతి తెలిసి గజేందర్ కూడా వద్దన్నాడు. "మీ కొలువు పోతది. ఇన్నేండ్లు ఆగినోళ్ళం, ఇంకొన్నొద్దులు ఆగుతం."

"మళ్ళీ పక్కకు జరుగుతున్నారు," అంది తెరెసా. "ఈసారి ఎవరూ అడగకుండానే."

ప్రారంభం రోజు పొద్దున ఆమే నిచ్చెనెక్కి, ఏడో ఫోటో పైన "ఇది గోండుల చేను" అన్న అట్ట అంటించింది. వంకరగా అంటించింది. వంకర చూస్తూ ఊరుకోవడం గజేందర్ చేతకాదు. వచ్చి సరిచేశాడు.

అతిథులంతా ఏడో ఫోటో దగ్గరే ఆగిపోయారు. కోపాన్ని కప్పిపుచ్చడానికి నవ్వడం మొదలుపెట్టిన సంజీవరావు గారు, మెచ్చుకోళ్ళు వినేసరికి నిజంగానే నవ్వసాగారు. దీన్ని కనిపెట్టిందెవరని ఒకావిడ అడిగితే, వినయంగా గొంతు సవరించుకున్నారు కూడా.

"ఆత్రం గజేందర్," అంది తెరెసా ఆయనకంటే ముందే. "అదుగో, ఆ లైటు సరిచేస్తున్నాయన. నేను పెళ్ళి చేసుకోబోయే మనిషి."

గజేందర్ నిచ్చెన దిగి వచ్చాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నన్నడగకుండనే రాసేసినవా?"

"తప్పుంటే దిద్దండి."

అతను ఈసారి జరగకుండా ఆమె పక్కనే నిలబడ్డాడు. "దిద్దేటందుకేం లేదు," అన్నాడు.