పేగుల్లో పరుగు పందెం

చంద్రుడి మీద ఎనిమిదో కాలనీలో పిల్లలు పొద్దున్నే ఉప్మాతో పాటు ఆవగింజంత గుళికను మింగుతారు. దాని పేరు బాటసారి. అది తిండి వెంటే నడుస్తూ, పేగుల్లో ఎక్కడిదాకా వచ్చిందో గోడకున్న తెరకు చెబుతుంది. అక్కడ గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి పసివాళ్ళ పేగులు బద్ధకిస్తాయి, కడుపునొప్పితో పిల్లలు గిలగిల్లాడతారు. ఆ జబ్బును ముందే పసిగట్టడానికి డాక్టర్ సుహాసిని ఏళ్ళ తరబడి కష్టపడి గుళికా తెరా కలిసిన ఈ జీర్ణయాన మాపకాన్ని, అంటే తిండి పేగుల్లో ఎంత వేగంగా నడుస్తోందో కొలిచే ట్రాన్సిట్ మీటర్‌ను కనిపెట్టింది. తిండి మరీ నెమ్మదిగా నడిచినా, మరీ తొందరపడినా జబ్బేనని ప్రతి తల్లికీ చెప్పింది.

చెవిన వేసుకున్నదెవరు? మనవాళ్ళు చంద్రుడి మీదికి వెళుతూ ర్యాంకుల పిచ్చిని కూడా మూటగట్టుకెళ్ళారు. బడి గుమ్మంలో పెద్ద బోర్డు వెలిసింది. పైన ‘మా ఆణిముత్యాలు’ అని రాసి, కింద పిల్లల ఫొటోలు, ఒక్కో ఫొటో కింద ఆ పిల్లల పేగుల వేగం. ఎంత వేగమైతే అంత పై ర్యాంకు.

ఈ నెల మొదటి ఫొటో ఏడేళ్ళ లహరిది. ఆ పిల్లే ఇప్పుడు కళ్ళు లోతుకుపోయి, చేతికి సెలైన్‌తో సుహాసిని ముందు పడుకుని ఉంది.

"ఏం పెట్టావమ్మా దీనికి?"

"విరేచనాల మాత్రలు మేడమ్." తల్లి వకుళ తల దించుకుంది. "పోయిన నెల ముప్పయ్యో ర్యాంకు వచ్చింది. వాళ్ళ నాన్న నలుగురిలో తలెత్తుకోలేకపోయారు. అందరూ వేస్తున్నారు కదా అని నేనూ వేశాను."

"ఇంకాస్త ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదు. అప్పుడు ఆ ఫొటోకి దండ వేసేవాళ్ళా?"

వకుళ ఏడ్చింది. సుహాసినికి జాలి కలగలేదు. ఒళ్ళు మండిపోయింది. పక్క మంచం మీద పిల్లవాడిదీ ఇదే కథ. వెంటనే గోడ మీది తెర వైపు తిరిగి మాపకాన్ని పిలిచింది.

"ఇకమీదట ఎవరికీ అంకెలు చూపించకు. పొట్ట బాగుంటే పచ్చదీపం వెలిగించు. లేదంటే నాకొక్కదానికే చెప్పు."

"అలాగే డాక్టర్. కాలనీ అంతటా మార్చేశాను," అంది మాపకం.

బడిలో బోర్డు బోసిపోయింది. పీడ వదిలిందనుకుంది సుహాసిని.

కొన్నాళ్ళకు లహరి కోలుకుంది. మంచం పైన పచ్చదీపం వెలిగింది.

"చూశావా బంగారం, నీ పొట్ట బాగైపోయింది," అంది సుహాసిని, పిల్ల తల నిమురుతూ.

లహరి తన దీపం వంక చూడలేదు. పక్క మంచం పైన వెలుగుతున్న దీపాన్ని చూసింది.

"ముందు ఎవరిది వెలిగింది డాక్టరాంటీ? నాదేనా?"

సుహాసిని కోపంగా వకుళ వైపు తిరిగింది. వకుళ కూడా జవాబు కోసమే చూస్తోంది.