యాభయ్యో నంబర్ పెట్టె

రమేష్‌ను చంపడానికి ముఠాకి తుపాకీ అక్కర్లేకపోయింది.

రియాద్‌లో, బత్హా సందుల్లో, ఓ చిన్న ట్రేడింగ్ కంపెనీ సర్వర్ రూమ్. తలుపు దానంతటదే మూసుకుంది. పైకప్పు గొట్టాల్లోంచి మంటలార్పే గ్యాస్ బుస్సుమంటూ దిగింది. ఆ గ్యాస్ మంటకి గాలి అందకుండా చేస్తుంది. మనిషికీ అంతే. సరిగ్గా అప్పుడే నమాజ్ ముగిసి, సందు పొడుగునా షాపుల షట్టర్లు గడగడా లేచాయి. ఆ మోతలో రమేష్ తలుపు బాదిన చప్పుడు ఎవరి చెవినా పడలేదు. ప్రమాదం అని కాగితం రాసేసి శవాన్ని నిజామాబాద్ పంపించారు.

రమేష్ మన గూఢచారి. ఈ సంగతి వాళ్లావిడకి కూడా తెలియదు.

"ఆ రూమ్‌లోకి ఇప్పుడు నువ్వెళ్లాలి," అన్నాడు చీఫ్ రత్నరాజు.

నర్సాపురం మనిషి. గల్ఫ్ డెస్క్ మొత్తానికి ఆయనే పెద్ద. ఆ రోజు మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ వేషంలో, దగ్గు మందు శాంపిళ్ల బ్యాగుతో, ఓ మలబారీ కెఫటీరియాలో టీ తాగుతున్నాడు. ఎదురుగా ఏజెంట్ భూమేష్. ఊరు జగిత్యాల పక్కన. కోడ్ నేమ్ ఖర్జూరం. ఆ పేరు పెట్టింది చీఫే కాబట్టి ఎవరూ నవ్వకూడదు.

"రమేష్‌ను సంపిన రూమ్లకే నన్ను తోల్తున్నరా సర్?"

"తోలట్లేదయ్యా, పంపుతున్నాను. తేడా ఉంది."

"నాకైతే ఏం తేడా కనవడ్తలేదు."

చీఫ్ గొంతు తగ్గించాడు. "విను. మన నేవీ ఓడల రాకపోకలు దొంగిలించి అమ్ముకునే విదేశీ ముఠా అది. ఈ కంపెనీ ఒట్టి బ్రాంచి. బాస్ పేరు క్రోల్. ఎక్కడో హెడ్ ఆఫీసులో కూర్చుని ఇక్కడి తలుపులూ గ్యాసూ నెట్‌వర్క్ మీద నడిపిస్తున్నాడు. ఆ ఎక్కడో ఎక్కడ? అది కనిపెట్టు. అదే నీ మిషన్."

"లోపల మనోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"సురయ్యా అని అకౌంటెంట్. మన మనిషే. వాళ్ల మనిషి కూడా."

"గిదేం లెక్క సర్?"

"డబుల్ ఏజెంటయ్యా. జాగ్రత్తగా ఉండమని అర్థం." చీఫ్ దగ్గు మందు సీసాల అడుగు నుంచి సరంజామా తీశాడు. కెమెరా ఉన్న పెన్ను. మైకున్న చొక్కా గుండీ. అద్దాన్ని కోసే చేతి గడియారం.

"టైమ్ చూపిస్తదా సర్ ఇది?"

"అదొక్కటి అడక్కు."

* * *

2018. సౌదీలకి ఉద్యోగాలివ్వాలనే నితాఖాత్ రంగులూ, విదేశీ పనివాళ్ల మీద వేసే లెవీలూ కలిసి చిన్న కంపెనీల పీక నొక్కుతున్న రోజులు. సరిపడా సౌదీలు ఉద్యోగంలో లేకపోతే కంపెనీ రెడ్‌లో పడుతుంది. రెడ్‌లో పడితే పనివాళ్ల ఇకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ కావు. ప్రపంచాన్ని ముంచాలని చూసే ముఠా అయినా సరే, ఈ రూలు ముందు చేతులు కట్టుకోవాల్సిందే! వాళ్లూ ఊళ్లో అందరూ చేసే పనే చేశారు. మిషాల్ అనే సౌదీ కుర్రాణ్ణి కాగితం మీద నెట్‌వర్క్ మేనేజర్‌ని చేశారు. చేరిన రోజు వచ్చి తలుపు మిషన్‌లో వేలిముద్ర వేసి, ఖహ్వా కాఫీ తాగి వెళ్లాడు. మళ్లీ ఆఫీసు మొహం చూడలేదు. జీతం మాత్రం ఇంటికే నడిచి వెళ్తోంది. తనిఖీ వాళ్లొస్తే చూపించడానికి రౌటర్‌లో అతని పేరున ఓ అకౌంట్ తెరిచి, సర్వర్ రూమ్ ఫోన్ మీద స్టిక్కర్ కూడా అంటించారు: అత్యవసరమైతే సంప్రదించండి, మిషాల్, నెట్‌వర్క్ మేనేజర్, ఫలానా మొబైల్ నంబర్.

రమేష్ చేసిన టెక్నీషియన్ ఉద్యోగానికే కంపెనీ కాగితాలు చేయించుకుని, భూమేష్ నీలం యూనిఫాంలో ఆ ఆఫీసులో అడుగుపెట్టాడు. మధ్యాహ్నం, అసర్ నమాజ్‌కి కాస్త ముందు.

హై హీల్స్ చప్పుడైంది. ముందు అత్తరు వాసన వచ్చింది, తర్వాత సురయ్యా వచ్చింది. నల్ల అబాయా అంచున సన్నటి వెండి జరీ. నిఖాబ్ పైన కాటుక కళ్లు. మన ఏజెంట్లు ఎందుకు దారి తప్పుతారో ఆ కళ్లు చూస్తే తెలిసిపోతుంది.

"ఏసీ నుంచి నీళ్లు కారుతున్నాయండీ," అంది. కోడ్.

"పైపు వంకరున్నదేమో మేడం," అన్నాడు భూమేష్. జవాబు కోడ్.

"గుంటూరులో అయితే ఈ పాటికి బాగుచేసేవాళ్లు. రండి, సర్వర్ రూమ్ చూపిస్తాను. ఫోనూ గడియారం పెన్నూ బయట ట్రేలో పెట్టాలి, రూలు. లాప్‌టాప్ ఒక్కటే తెచ్చుకోండి."

అంతే, చీఫ్ ఇచ్చిన సరంజామాలో సగం ప్లాస్టిక్ ట్రేలో మిగిలిపోయింది. గుండీలోని మైకు ఒంటి మీదే ఉంది కానీ, ఆ గోడలు దాటి దాని మాట బయటికి పోదు. ఇద్దరూ లోపలికెళ్లారు. బయట అజాన్ వినిపించింది. ఆఫీసు వాళ్లు బిలబిలా వెళ్లిపోయారు. షట్టర్ కిందికి దిగింది. వెనకే సర్వర్ రూమ్ తలుపు ఠక్కుమంది.

సురయ్యా తలుపు బటన్ నొక్కింది. మళ్లీ నొక్కింది. తలుపు కదల్లేదు.

గోడ మీది ఫోన్ మోగి, స్పీకర్ దానంతటదే ఆన్ అయింది.

"వెల్‌కమ్, ఏజెంట్ ఖర్జూరం," అంది ఓ మెత్తటి గొంతు. "నేను క్రోల్. సురయ్యా, ఇతన్ని తీసుకొచ్చినందుకు థాంక్యూ. ఇక నీతో కూడా పని లేదు. నమాజ్ కాగానే షట్టర్లు లేస్తాయి. అప్పుడు నేను ఇక్కడి నుంచి యాభయ్యో నంబర్‌కి ఆర్డర్ ఇస్తాను. తలుపు పగలగొట్టినా, కేబుల్ పీకినా గ్యాస్ అప్పుడే వచ్చేస్తుంది. కాబట్టి ప్రశాంతంగా కూర్చోండి."

ఫోన్ కట్టయింది. చావబోయేవాళ్ల మాటలు వినే ఓపిక క్రోల్‌కి ఉండదు.

మూలన ఇనుప జాలీ వెనక, తాళం వేసి, ఓ ఎర్ర పెట్టె. దాని మీద తెల్ల పెయింట్‌తో 50. రమేష్‌ను చంపింది అదే.

"నన్ను పట్టిచ్చినవ్ గదనే!" అన్నాడు భూమేష్. మేడం అన్న పిలుపు ఎగిరిపోయింది. "రమేష్‌ను గూడ నువ్వేనా?"

"కాదు! అల్లా సాక్షిగా కాదు. నా పాస్‌పోర్టు వాళ్ల దగ్గరుందయ్యా. నిన్ను లోపలికి తెస్తే, దేశం వదిలి ఇంటికి పోనిచ్చే ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టిస్తామన్నారు. మూడేళ్లుగా ఇంటికెళ్లలేదు. బెదిరించి వదిలేస్తారనుకున్నా. నన్ను కూడా లోపల పెడతారని..." ఆమె గోడకి జారబడి కూర్చుంది. ఏడుపు దాచుకోవాలని కూడా చూడలేదు.

భూమేష్‌కి కోపం వచ్చింది. భయం అంతకంటే ఎక్కువ వచ్చింది. చావు అంటే భయం లేదని ట్రైనింగ్‌లో రాసిచ్చాడు, అది ఒట్టి అబద్ధం. బతకాలి. ఈ గదిలోంచి కాళ్ల మీద నడిచి బయటికి పోవాలి. అప్పటికి అతనికి కావలసింది అదొక్కటే.

"ఏడుపు ఆపు. ఈ తలుపు బయట నుంచి తెరుసుకుంటదా?"

"లోపలి బటన్నే చంపేశారు. బయట వేలిముద్ర వేస్తే తెరుచుకుంటుంది. మేనేజర్ది ఒకటి. ఆ కాగితం మేనేజర్ మిషాల్ది ఒకటి."

భూమేష్ స్టిక్కర్ చూసి, ఫోనెత్తి, వచ్చీరాని అరబిక్‌లో అందుకున్నాడు. "మిషాల్ సాబ్! ఆఫీసు నుంచి మాట్లాడుతున్నా. తనిఖీ! మీరు కుర్చీలో కనిపించాలి. వెంటనే రండి!"

అవతల మధ్యాహ్నపు కునుకు ఇంకా వదలని గొంతు బెంబేలెత్తింది. "తనిఖీయా? యా అల్లా! మసీదు గుమ్మంలో ఉన్నాను. నమాజ్ చేసుకుని వస్తా. బత్హాలో ట్రాఫిక్ కదా. నా కుర్చీ ఏదో ఎవరైనా చూపిస్తారా?"

నమాజ్ చేసుకుని వస్తాడట. నమాజ్ కాగానే గ్యాస్. అతను వచ్చేదాకా ఊపిరి నిలిచి ఉండాలి.

భూమేష్ లాప్‌టాప్ కేబుల్‌ని రౌటర్‌కి గుచ్చాడు. లాగిన్ పేజీ వచ్చింది. ఉద్యోగంలో చేరినప్పుడు తనకిచ్చిన పాస్‌వర్డ్ పనిచేయలేదు, క్రోల్ అప్పుడే తీసేశాడు. స్టిక్కర్ వైపు చూశాడు. యూజర్ మిషాల్. పాస్‌వర్డ్ చోట మిషాల్ మొబైల్ నంబర్ కొట్టాడు.

తెరుచుకుంది! తనిఖీ కోసం తెరిచిన ఉత్తుత్తి అకౌంట్‌కి పాస్‌వర్డ్ ఆలోచించే ఓపిక ఎవరికుంటుంది?

"కెమెరా చూస్తోంది," అంది సురయ్యా. నిఖాబ్ విప్పి గురిచూసి విసిరింది. అది కెమెరా మీద చక్కగా వేలాడింది. ఇంత గందరగోళంలోనూ ఆమె మొహం వైపు ఒకసారి చూశాడు భూమేష్. మనిషే కదా.

"క్రోల్ హెడ్ ఆఫీసుకు నువ్వు పోయినవా?"

"ట్రైనింగ్‌కి తీసుకెళ్లారు, కళ్లకు గంతలు కట్టి. ఏ దేశమో కూడా తెలీదు. సముద్రం వాసన వచ్చింది, అంతే. వాడు సర్వర్ రూమ్‌లోనే కూర్చుంటాడు. ఎవర్నీ నమ్మడుగా."

"ఆడ ఏదన్న ప్రింటర్ ముట్టుకున్నవా? దాని అడ్రస్?"

సురయ్యా కళ్లు మూసుకుంది. "192.168.77 తో మొదలు. రోజూ కొట్టేదాన్ని, చచ్చినా మర్చిపోను. క్రోల్‌ది ఒకటే రూలయ్యా. ఏ ఆఫీసులోనైనా యాభై అంటే గ్యాస్ పెట్టే. ఇక్కడా అంతే, అక్కడా అంతే."

భూమేష్ మొహంలోకి మొదటిసారి రక్తం వచ్చింది. "అయితే బతుకుతం."

"ఎట్లా?"

"ఈ ఆఫీసు రేంజ్, అంటే అడ్రస్‌ల వాడకట్టు, 10.20.30. వాంది 77. వేరే వేరే ఉన్నయి గనకనే వాని ఆర్డర్ లైన్ ఎక్కి ఈడికొస్తది. నేను మనదిగూడ 77 చేస్తున్న. ఈ పెట్టె కొత్త అడ్రస్ తీసుకోంగనే, ఇంటర్నెట్ల క్రోల్‌కు చెప్పుకుంటది, నేను గీడున్న అని. వాడు ఆ అడ్రస్‌కే ఆర్డర్ కొడ్తడు. కని వాని వాడకట్టుల గూడ గదే ఇంటి నంబర్ ఉన్నది గదా. పోస్ట్‌మన్ ఊరు దాటుతడా? పక్కింట్లనే ఇచ్చిపోతడు."

ఒక్క క్షణం పట్టింది ఆమెకి. "అమ్మో!" అంది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

LAN సెట్టింగ్స్. పాత అడ్రస్ చెరిపాడు. 192.168.77.1. రౌటర్ మిషన్లకి పంచే అడ్రసుల వరస మార్చాడు. యాభయ్యో నంబర్‌ని ఎర్ర పెట్టె పేరున రిజర్వ్ చేశాడు. వేళ్లు చెమటతో జారుతున్నాయి. సేవ్ నొక్కగానే హెచ్చరిక: కనెక్షన్ తెగిపోతుంది, కొత్త అడ్రస్‌తో మళ్లీ లాగిన్ అవ్వండి.

"లైన్ తెగితే గ్యాస్ వస్తుందన్నాడుగా!" సురయ్యా అతని చెయ్యి పట్టుకుంది.

"రౌటర్ రీస్టార్ట్ అయ్యేంత సేపు ఆగుతది. కరెంటు ఊకె పోయొస్తది గదా, గంతకే గ్యాస్ వదిలితే దాన్ని ఎవ్వడు కొంటడు?" అన్నాడు. నిజంగా ఆగుతుందో లేదో అతనికి తెలీదు. నొక్కాడు.

రౌటర్ లైట్లన్నీ ఆరిపోయాయి. లాప్‌టాప్ తెర తెల్లబోయింది. ఎర్ర పెట్టె మీద పచ్చ లైట్ పసుపు అయింది. కొట్టుకోసాగింది. గది మరీ చిన్నదైపోయినట్టు అనిపించింది భూమేష్‌కి. గోడలు, తలుపు, పైన గొట్టం. రమేష్ ఆఖరికి చూసింది ఇవేనా అనుకున్నాడు. సురయ్యా ఏవో ఖురాన్ ఆయత్‌లు చదువుతోంది. భూమేష్ కొండగట్టు అంజన్నకి మొక్కుకున్నాడు.

పసుపు లైట్ ఎరుపుకి తిరిగింది. పెట్టెలో ఏదో క్లిక్కుమంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. పైన గొట్టం సన్నగా గుర్రుమంది.

రౌటర్ లైట్లు వెలిగాయి. ఒకటి, రెండు, అన్నీ. ఎర్ర పెట్టె కాసేపు తటపటాయించింది. తర్వాత పచ్చబడింది. భూమేష్ తన లాప్‌టాప్ కేబుల్ ఒక్కటే పీకి మళ్లీ గుచ్చి, కొత్త అడ్రస్‌తో లాగిన్ అయ్యాడు. లిస్టులో యాభయ్యో నంబర్ బుద్ధిగా కొత్త ఇంట్లో కూర్చుని ఉంది.

దూరంగా మొదటి షట్టర్ లేచింది. తర్వాత ఇంకోటి. సందంతా గడగడలు. ఫోన్ మోగింది.

"గుడ్‌బై, ఖర్జూరం," అన్నాడు క్రోల్. "కెమెరా మూసినా లాభం లేదు, నీ పెట్టె సిగ్నల్ పచ్చగా ఉంది. ఆర్డర్ ఇస్తున్నాను."

"ఇయ్యి సార్. కాని ఒక్కసారి మీ నెత్తి మీద సూస్కోండ్రి."

క్లిక్. ఈ గదిలో ఏమీ కాలేదు. ఫోన్‌లో మాత్రం ఓ తలుపు ఠక్కున మూసుకుంది. ఆపైన బుస్సుమని చప్పుడు. క్రోల్ తన భాషలో ఏదో అరిచాడు. ఎవరో తలుపు బాదారు. సురయ్యా ఫోన్ పెట్టేసింది. ఆ చప్పుడు వినడం ఆమెవల్ల కాలేదు.

ఇద్దరూ నేల మీద కూలబడి, కారణం లేకుండా నవ్వారు. తర్వాత భూమేష్ రమేష్ పేరు తలుచుకుని ఏడ్చాడు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ చేసిన తెల్ల తోబ్‌లో మిషాల్ నిలబడ్డాడు. ఆయాసపడుతున్నాడు.

"నేనే నెట్‌వర్క్ మేనేజర్‌ని," అన్నాడు. "తనిఖీ వాళ్లు వెళ్లిపోయారా?"

"ఇప్పుడే," అన్నాడు భూమేష్. "మీ పని చాలా బాగుందని చెప్పి పోయారు."

* * *

మర్నాడు చీఫ్ ఫోన్ చేశాడు. ఆనందం ఆయన గొంతులో ఆగడం లేదు.

"శభాష్! మధ్యధరా ఒడ్డున ఓ రేవు పట్నమయ్యా. గ్యాస్ వదలగానే అక్కడి ఫైర్ స్టేషన్‌కి అలారం పోయింది. వాళ్లొచ్చి తలుపు పగలగొట్టారు. క్రోల్ స్పృహ లేకుండా, ప్రాణాలతోనే దొరికాడు. గోడ నిండా మన ఓడల మ్యాపులు. నువ్వు వెతకాల్సిన హెడ్ ఆఫీసు తనే అడ్రస్ చెప్పుకుంది. ఈ రాత్రి ఫ్లైట్‌కి వచ్చెయ్. సురయ్యాను కూడా తీసుకురా."

భూమేష్ పాస్‌పోర్ట్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే సురయ్యా. మేనేజర్ సొరుగులో దొరికిన తన పాస్‌పోర్టుని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"రాలేం సర్. మా శవాలు దొరికితే తమతోని ఏం సంబంధం లేదనాలని, నిన్న పొద్దుగాలనే కంపెనీ మా ఇద్దరి మీద హురూబ్ పెట్టింది. పారిపోయిన పనోళ్లమంట. ఎగ్జిట్ కొడ్తలేరు."

"మరి మీ కఫీల్, అంటే మిమ్మల్ని పనిలో పెట్టుకున్న యజమాని, ఆ కంపెనీయేగా, దాని చేతే తీయించవయ్యా."

"కంపెనోళ్లంత జైల్ల ఉన్నరు సర్, రాత్రే పోలీసులు పట్టుకపోయిన్రు. మిగిలింది మిషాల్ ఒక్కడే. పాపం, పొద్దుగాల నుంచి మాకోసం లైన్ల నిలవడ్డడు."

"దేశం మొత్తం మీద నీకు నెట్‌వర్క్ తెలుసు, కోడ్‌లు తెలుసు, నువ్వే ఏదో ఒకటి చెయ్యలేవా?"

భూమేష్ ఎండలోకి చూసి నిట్టూర్చాడు.

"రౌటర్ రేంజ్ మార్చుడంటే నా చేతుల పని సర్. కఫీల్‌ను మార్చుడు నాతోని గాదు."