మేకుల ఫ్యాక్టరీలో చప్పుడు

మూతబడ్డ మేకుల ఫ్యాక్టరీ పక్కనుంచి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. ఎప్పుడో రాత్రి షిఫ్టులో పైకప్పు కూలి ఒక ఆపరేటర్ రేకుల కింద ఉండిపోయాడట... శవం కూడా దొరకలేదట. ఇప్పటికీ కిందనుంచి కొడుతూనే ఉంటాడట — టక్... టక్... ఆగి విన్నామా, చప్పుడు మనవైపే వస్తుందట.

అన్నీ ‘అట’లే. నేను పిరికివాణ్ణి, వెళ్ళి చూసే పని పెట్టుకోలేదు. మా బావ మాత్రం వెళ్ళాల్సి వచ్చింది. తను చెప్పిందే చెబుతున్నాను.

బావ నీళ్ళ శాఖలో పనిచేస్తాడు. రోడ్డు కింద పూడుకుపోయిన వాల్వు మూతల్ని మెటల్ డిటెక్టరుతో వెతికిపెట్టడం తన ఉద్యోగం. వాళ్ళ పాపకి ఆరేళ్ళు. పుట్టుకతోనే వినపడదు. ఆపరేషన్ చేసి వినికిడి మిషనులో ఒక ముక్క తల లోపల పెట్టారు. బయటి ముక్క అయస్కాంతంతో చెవి వెనక అతుక్కుని ఉంటుంది. అది తీస్తే పాపకి పిడుగు పడ్డా తెలీదు. నాలుగు నెలలుగా ఇప్పుడిప్పుడే మాటలు వస్తున్నాయి.

ఆ సాయంత్రం పిల్లికూన వెంటపడి పాప కంచె సందులోంచి ఫ్యాక్టరీలోకి దూరింది. తిరిగొచ్చేసరికి చెవి వెనక మిషను లేదు. ఎక్కడ పడిందంటే చెయ్యి అన్నివైపులా చూపించింది. మా అక్క పొద్దుగూకేదాకా వెతికి, అరచేతులు గీరుకుపోయి, ఏడుస్తూ బావకి ఫోన్ చేసింది.

కొత్తది రావాలంటే మూణ్ణెల్లు. ఈలోగా నేర్చిన మాటలు పోతాయని డాక్టరమ్మ ముందే హెచ్చరించి ఉంది. పైగా తెల్లారి ఆరింటికి స్థలం చదును చెయ్యడానికి యంత్రాలు వస్తున్నాయి. వాటిని ఆపడం తన చేతిలో లేదంటూనే కాపలావాడు తాళం తీశాడు. లోపలికి మాత్రం రానన్నాడు.

అక్కనీ పాపనీ గేటు దగ్గరే ఉంచి బావ హెడ్‌ఫోన్లు పెట్టుకుని లోపలికి నడిచాడు.

డిటెక్టరు ఆన్ చెయ్యగానే చెవులు చిల్లులు పడ్డాయి. వాల్వు మూతలు ఇనుమే కదా — ఇనుము తగిలితే గట్టిగా అరిచేలా ఎన్నేళ్ళ కిందటో పెట్టుకున్న సెట్టింగు అది. అక్కడేమో అడుగడుక్కీ మేకులు, రేకు ముక్కలు, తీగ చుట్టలు. విసుగెత్తి ఇనుము శబ్దాన్ని సున్నాకి తెచ్చేశాడు. ప్రాణం హాయిగా ఉంది. ఆ హాయిలోనే రెండు గంటలు వెతికాడు... ఒక్క కూత కూడా లేదు.

అప్పుడు తట్టింది. అయస్కాంతం ఇనుము మధ్య పడితే ఊరుకుంటుందా? ఏ రేకుకో అతుక్కుని ఉంటుంది. ఇనుము నోరు నొక్కితే దాని పక్కనున్నదాని నోరూ నొక్కినట్టే. పదిహేనేళ్ళ సర్వీసుండి ఇంత తెలివితక్కువ పని చేశానేమిట్రా అని తనని తానే తిట్టుకున్నాడు. వెతికిందంతా మళ్ళీ మొదటికొచ్చింది.

ఇనుముకి సన్నటి గురగుర మాత్రం ఉంచాడు. మిగతా లోహాలకి పైస్థాయి కూత పెట్టాడు. ఒక శబ్దం అయ్యీ అవకముందే రెండోది వినపడేలా వేగం పెంచాడు. ఒక్క నిమిషం ఊపిరి తీసుకుందామని డిటెక్టరుని నేలకి ఎత్తుగా, కదలకుండా పట్టుకున్నాడు.

టక్... టక్... టక్...

హెడ్‌ఫోన్లు తీశాడు — ఏమీ లేదు. పెట్టుకున్నాడు — టక్... టక్...

నాలుగడుగులు వెనక్కి వేశాడు. చప్పుడు సన్నగిల్లింది. పరుగెత్తితే బతికిపోతాడు. కానీ గేటు దగ్గర పాప ఉంది. ఖాళీ చేతులతో దాని దగ్గరికి ఎలా వెళ్ళడం?

మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

“అన్నా... నువ్వెవరివో నాకు తెలీదు. నా కూతురి మిషను ఎక్కడుందో చూపించు. తర్వాత నన్నేమైనా చేసుకో,” అన్నాడు.

టక్... టక్...

చప్పుడు వైపే పాకాడు. పెరిగింది. ఇంకా పాకాడు. చెవిలోనే కొడుతున్నట్టుంది. ఎదురుగా తుప్పుపట్టిన పెద్ద రేకు, ఒక అంచు నేలకి ఎత్తుగా లేచి ఉంది. కిందనుంచి చెయ్యి వచ్చి పట్టుకుంటుందనే అనుకున్నాడు. అయినా కళ్ళు మూసుకుని రేకు తిరగేశాడు.

ఏ చెయ్యీ రాలేదు. కళ్ళు తెరిస్తే రేకు అడుగున అతుక్కుని, దుమ్ములో చిన్న పచ్చలైటు. అది వెలిగి ఆరిన ప్రతిసారీ చెవిలో ఒక టక్.

తలనుంచి ఊడిపోయిన మిషను ఊరికే ఉండదనీ, లోపలి ముక్క కోసం ఆగకుండా సిగ్నల్ పంపుతూనే ఉంటుందనీ తర్వాత డాక్టరమ్మ చెప్పింది. డిటెక్టరు పట్టుకున్నది దాన్నే. పాపం అది అంతసేపూ తుప్పు రేకుని కరుచుకుని పాప తలకోసం వెతుక్కుంటోంది.

బావ గేటు దగ్గరికి ఎలా వచ్చాడో తనకే తెలీదు. చీకట్లో పెదవులు కనపడక, ఎవరేమంటున్నారో తెలియక, పాప అక్క నడుం పట్టుకుని బిగుసుకుపోయి ఉంది. బావ మిషను తుడిచి చెవి వెనక పెట్టాడు. అటు తిరిగి, చేత్తో నోరు మూసుకుని వెక్కాడు.

పాప బావ చొక్కా పట్టుకుని లాగింది.

“నాన్నా, ఏడవకు. వినపడుతోంది.”