ఖాళీ కాని కొక్కెం

నిజం బయటపడితే మనిషికి బరువు తగ్గుతుందా, పెరుగుతుందా అన్న సందేహం గుమాస్తాను ఏళ్ళ తరబడి వదల్లేదు. పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు కూడా అది వచ్చి పక్కన కూర్చునేది. నలుగురి చిక్కుముళ్ళు విప్పడమే పనిగా పెట్టుకున్న మాస్టారి దగ్గర జీతం తీసుకుంటూ ఇలాంటి సందేహం మోయడం తప్పేమోనని కూడా అనిపించేది. ఎవరినీ అడగలేదు.

మాస్టారు ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేవారు. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్. పని మారింది గానీ పిలుపు మారలేదు.

ఆ మధ్యాహ్నం మేడ మెట్లెక్కి వచ్చిన ఆవిడ, కుర్చీ చూపించినా కూర్చోలేదు. రోజంతా నీళ్ళలో నానే చేతులని వేళ్ళ ముడతలే చెబుతున్నాయి.

“మా ఆయన పడవ నడిపే సరంగు బాబుగారూ. అడుగున అద్దం బిగించిన పడవ మాదే. రేపు పొద్దున రేవు కచేరీలో, తప్పంతా నాదేనని సంతకం పెడతానంటున్నాడు. పెడితే పడవా పోతుంది, మనిషీ జైలుకి పోతాడు. ఎలాగైనా ఆపండి.”

“తప్పు చేయలేదంటాడా?”

“అదే నా ఏడుపు. చేయలేదని ఆయన కూడా అనట్లేదు.”

ఆ సంగతి ఊరందరికీ తెలిసిందే. ఆ తీరానికి వచ్చేవాళ్ళకి సరదాలకి కొదవ లేదు. కొందరు మోటారు పడవ వెనక పారాచూట్ కట్టుకుని ఎగురుతారు. కొందరు గాలి నింపిన పడవలెక్కి కేకలు పెడతారు. నిమ్మళంగా ఉండేవాళ్ళు మడ అడవుల్లో తెడ్లు వేసుకుంటూ తిరుగుతారు. ఈత వచ్చినవాళ్ళు మాత్రం సరంగు పడవెక్కి పగడపు దిబ్బల దాకా వెళ్ళి, కళ్ళూ ముక్కూ మూసే అద్దాల మాస్కు తగిలించుకుని, నీళ్ళలో మొహం పెట్టి చేపల్ని చూస్తారు. కిందటి వారం అలా దిగిన ఒక పెద్దమనిషిని దిబ్బల దగ్గరే వదిలేసి పడవ ఒడ్డుకి వచ్చేసింది. మర్నాడు ఆయన శవం దొరికింది.

“బయల్దేరే ముందు అందరూ ఎక్కారో లేదో మీ ఆయన ఎలా చూసుకుంటాడు?” అడిగారు మాస్టారు.

“కొక్కేలు చూస్తాడు. కమ్మీ మీద మాస్కుకో కొక్కెం. దిగేవాళ్ళు తీసుకుంటారు, ఎక్కాక తగిలిస్తారు. చెవులు నీళ్ళలో ఉన్నవాళ్ళకి హారన్ వినపడదు కదండీ. కొక్కెం ఖాళీగా ఉంటే లంగరు తీయడు. ఆ రోజు అన్నీ నిండుగానే ఉన్నాయన్నాడు మొదట. ఇప్పుడేమో, నేను సరిగ్గా చూడలేదేమోనే, నా కళ్ళే నన్ను మోసం చేశాయేమోనే అంటున్నాడు. ముద్ద ముట్టట్లేదు.”

“పోయినాయన పెట్టుకున్న మాస్కు మీదేనా?”

“మాదే. ఈ తీరంలో అందరివీ ఒకటే రకం మాస్కులు. కలిసిపోకుండా పట్టీ చివర ఎర్రదారంతో ఒక కుట్టు వేస్తాను. కచేరీలో చూపించారు, నా కుట్టే. కొక్కెం ఖాళీగానే ఉందనీ, మా ఆయన ఒడ్డుకొచ్చాక వేరేది తగిలించి బొంకాడనీ అంటున్నారు.”

“రోజూ కడిగేదీ నువ్వేనా?”

“సాయంత్రం మా తమ్ముడు గోనెలో వేసి తెస్తాడు. తెచ్చినవి కడిగి ఇస్తాను. లెక్కా, పొద్దున తగిలించడం వాడి పని. పడవలో వాడే సహాయం. నేనే బతిమాలి పెట్టించాను.”

“పగడాలు నువ్వూ చూశావా?”

ఆ ప్రశ్నకి ఆవిడ తడబడింది. “నేనా? ఎప్పుడూ పడవ నిండా జనమే. పెళ్ళయిన కొత్తలో తీసుకెళ్తానన్నాడు. ఆ బాకీ అలాగే ఉండిపోయింది.”

పడవని ప్రమాదం జరిగిన సాయంత్రమే రేవులో కట్టేసి సీలు వేశారు. అధికారి అనుమతి ఇచ్చాక సరంగు బావమరిదే మాస్టారినీ గుమాస్తానీ ఎక్కించాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి.

“మీ బావ మంచివాడేనా?” అడిగారు మాస్టారు.

“దేవుడండీ. నోరే కొంచెం పెద్దది.”

“దేవుడికి నోరు కూడానా!”

అతను నవ్వబోయి ఆగిపోయాడు. “తెడ్డు విరిగితే నెల రోజులు అదే పాట పాడాడు. జనం ముందే. వీడికి చెంచా ఇచ్చినా విరగ్గొడతాడని.”

మాస్టారు కమ్మీ వెంట నడుస్తూ ఒక్కొక్క మాస్కు పట్టీ వేలితో తడిమారు. చివరికొచ్చేసరికి ఒక దాని దగ్గర ఆగి, ముక్కు దగ్గర పెట్టుకుని, గుమాస్తాకిచ్చారు.

“వాసన చూడవోయ్.”

కొత్త రబ్బరు వాసన. పట్టీ చివర నున్నగా ఉంది. గుమాస్తా తలెత్తేసరికి బావమరిది సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

అక్కణ్ణుంచి హోటలుకి వెళ్ళారు. పోయినాయన భార్య గదిలో ఆయన చెప్పులు ఇంకా తలుపు పక్కనే ఉన్నాయి. ఎవరూ కదపలేదు.

“ముందు రోజు ఇద్దరం అదే పడవెక్కామండీ. ఆ చేపల్ని చూసి చిన్నపిల్లాడైపోయారు. తిరిగొచ్చేటప్పుడు కూడా కమ్మీకి తగిలించిన మాస్కు మళ్ళీ తీసుకుని అద్దంలోంచి చూస్తూనే ఉన్నారు. నాకు కడుపులో తిప్పింది, మర్నాడు రానన్నాను. ఆయనొక్కరే వెళ్ళారు. మెడలో మాస్కు వేసుకుని ఈ గుమ్మంలోంచి బయల్దేరుతుంటే, పెళ్ళికొడుకులా ఉన్నారన్నాను.” ఆవిడ గుమ్మం వైపే చూసింది. “నేనూ వెళ్ళి ఉంటే, మా ఆయన రాలేదని అరిచేదాన్ని కదా.”

గుమాస్తా తల దించుకున్నాడు. మాస్టారు ఆ చెప్పుల్ని తప్పించుకుంటూ గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. “రేపు పొద్దున రేవు దగ్గరికి రాగలరా అమ్మా? మీరు రాకపోయినా తప్పు లేదు,” అన్నారు.

దారిలో రేవు పక్కన టోపీలూ మాస్కులూ అమ్మే కొట్టు దగ్గర ఆగి, కొట్టామెతో రెండు మాటలు మాట్లాడి వచ్చారు. ఆయన మొహంలో గెలిచిన సంతోషం లేదు.

మర్నాడు కచేరీ తెరవకముందే పడవ పక్కన అందరూ చేరారు. రేవు అధికారి, సరంగు, అతని భార్య, బావమరిది, పోయినాయన భార్య. సరంగు పెద్ద మనిషి, కానీ చొక్కా అరువు తెచ్చుకున్నట్టు వేలాడుతోంది.

“అధికారిగారూ, సరంగు అబద్ధం చెప్పలేదు. ఆ రోజు ఏ కొక్కెమూ ఖాళీగా లేదు,” మొదలుపెట్టారు మాస్టారు.

“మరి శవం మీద వీళ్ళ మాస్కు ఎలా ఉంది?”

“అది ఆ రోజు కొక్కెం మీంచి తీసింది కాదు. మాస్కులు పడవెక్కాక ఇస్తారు. ఆయన హోటల్ గుమ్మం దాటేటప్పుడే మెడలో ఉంది. అంటే ముందు రోజే ఆయనతో వెళ్ళిపోయింది. తువ్వాలు కింద మెడలోనే ఉండిపోయి ఉంటుంది. ఆయనా చూసుకోలేదు.”

పోయినాయన భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఇచ్చేస్తానన్నారు. ‘ఇంకొక్కసారి చూసి, ఇచ్చేసి వస్తా’నన్నారు. నేను మాస్కు సంగతి అనుకోలేదు, ఏదో అన్నారనుకున్నాను.”

“అలాగైతే పొద్దున ఒక కొక్కెం ఖాళీగా ఉండాలి కదా!” అన్నాడు అధికారి.

మాస్టారు నున్నటి పట్టీ ఉన్న మాస్కు తీసి సరంగు భార్య చేతిలో పెట్టారు. “ఇది నువ్వు కడిగిందేనా అమ్మా?”

ఆవిడ వేళ్ళు పట్టీ చివర కుట్టు కోసం వెతికాయి. మళ్ళీ వెతికాయి. మెల్లగా తల తిప్పి తమ్ముడి వంక చూసింది.

“సరంగే తర్వాత తగిలించాడని మీరన్నారు. కానీ ఇది కొన్నది ఆ రోజు పొద్దున, పడవ కదలకముందు. కొట్టామె కొట్టు తెరుస్తూనే అమ్మింది. కొన్నది సరంగు కాదు. ముందు రోజు ఒకటి పోయిందని తెలిసిన మనిషి, బావ నోటికి భయపడి, చడీచప్పుడు లేకుండా కొత్తది తెచ్చి తగిలించాడు. అంతే. అందులో పాపం లేదు. కానీ పోయిన మాస్కు తనంతట తనే పడవెక్కింది. పెద్దాయన కొక్కెం మీది మాస్కు ముట్టకుండా దానితోనే నీళ్ళలో దిగారు. కొక్కేలు మాత్రం నిండుగానే ఉన్నాయి.”

బావమరిది ఇసకలో కూలబడ్డాడు. “శవం మీద అక్క కుట్టు చూసినప్పుడే నాకు తెలిసిపోయింది. చెబుదామని రోజూ వచ్చాను బావా. గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్ళిపోయాను.”

“వారం రోజులు!” అంది అక్క. “ఆయన అన్నం మానేసి గోడ వంక చూస్తుంటే, నువ్వు నా పక్కన కూర్చుని నన్ను ఓదార్చావురా!”



సరంగు వచ్చి బావమరిది పక్కనే కూలబడ్డాడు. కొడతాడేమోనని గుమాస్తా ఒక అడుగు ముందుకి వేశాడు. సరంగు చెయ్యెత్తలేదు.

“ఒక మాస్కు పోయిందని నాతో చెప్పలేకపోయావా?”

“నువ్వు అరుస్తావని.”

“అరిచేవాణ్ణే,” అన్నాడు సరంగు. “నిజమే. అరిచేవాణ్ణే.”

అధికారి గొంతు సవరించుకుని, వాంగ్మూలం తీసుకోవాలన్నాడు. బావమరిది లేచాడు. “నేనూ వస్తాను,” అని సరంగు అతని భుజం పట్టుకున్నాడు. చూసేవాళ్ళకి ఎవరు ఎవరిని పట్టుకుని నడుస్తున్నారో తెలియలేదు. పోయినాయన భార్య ఆ మాస్కు పట్టీ మీది నున్నటి చోటునే చూస్తూ నిలబడింది.

మేడ మీది తమ గదికి తిరిగి వచ్చాక గుమాస్తా ఉండబట్టలేక అడిగేశాడు. “మాస్టారూ, ఆవిడ మొగుణ్ణి కాపాడమని వచ్చింది. మనం తమ్ముణ్ణి తీసి అధికారి చేతిలో పెట్టాం. మేలు చేశామంటారా?”

“లెక్క చేయడం వరకే నాకు వచ్చునోయ్,” అన్నారు మాస్టారు. “అది ఎవరికి లాభమో నీ దేవుణ్ణే అడుగు.”

వానలు వెలిశాక పడవకి మళ్ళీ అనుమతి వచ్చింది. మొదటి రోజు సరంగు డబ్బిచ్చే జనాన్ని ఎవరినీ ఎక్కించుకోలేదు. పోయినాయన భార్య ఆ చోటు చూస్తానని వచ్చింది. మాస్టారినీ గుమాస్తానీ పిలిచారు. తాడు విప్పబోతూ సరంగు ఒడ్డున నిలబడ్డ భార్య వైపు తిరిగాడు.

“నువ్వూ రావే.”

“నేనెందుకు? మాస్కులు కడిగే తొట్టి దగ్గర పనుంది.”

“పెళ్ళయిన కొత్త నుంచీ ఉన్న బాకీ. ఎక్కు.”

దిబ్బల దగ్గర లంగరు వేశాక, పోయినాయన భార్య అడుగు అద్దం పక్కన మోకరించి కిందకి చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. పసుపుపచ్చ చేపలు గుంపుగా వచ్చి, అద్దం కింద తిరిగి, వెళ్ళిపోయాయి. “వీటినే,” అంది. “వీటి గురించే రాత్రంతా చెప్పారు.” గుమాస్తా కళ్ళు మూసుకుని ఆ మనిషి కోసం దణ్ణం పెట్టుకున్నాడు. ఆయన తిరిగి ఇవ్వబోయిన మాస్కు ఇప్పుడు కచేరీ బీరువాలో ఉంది.

సరంగు కమ్మీ మీంచి ఒక మాస్కు తీసి, భార్య మొహానికి తనే తొడిగి, పట్టీ సర్దాడు. అన్నేళ్ళు అన్ని మాస్కులు కడిగిన మనిషికి దాన్ని పెట్టుకోవడం రాలేదు. నిచ్చెన పట్టుకుని నడుము లోతు దిగి, ఊపిరి బిగబట్టి, ఆవిడ నీళ్ళలో మొహం పెట్టింది.

కమ్మీ మీద ఒక కొక్కెం ఖాళీగా ఉంది. సరంగు దాని వంక చూడలేదు. ఆవిడ తల పైకి లేచేదాకా రెప్ప వేయకుండా ఆవిడనే చూస్తూ నిలబడ్డాడు.