బొత్తాంకి ఒంట్లో బాగాలేదు

"దీనికి స్నానం చేయించింది ఎవరు?"

డాక్టరమ్మ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. కూర్చోమనలేదు, పేరు అడగలేదు. బల్ల మీద తువాలులో వణుకుతున్న బాతుపిల్లని ఒకసారి, దాన్ని తెచ్చిన టైలర్ని ఒకసారి చూసింది.

"నేనేనండి," అన్నాడు టైలర్. "బకెట్లో నీళ్ళు పోసి వదిలాను. బాతు కదా, సరదా పడుతుందని..."

"పుట్టి ఎన్నాళ్ళయింది?"

"పది రోజులు ఉంటాయేమోనండి."

"పది రోజుల పిల్లకి ఈతేంటండీ? తల్లి ఒంటి నూనె అంటుకుంటేనే దీని నూగు తడవకుండా ఉంటుంది. తల్లి లేని పిల్లని నీళ్ళలో వదిలితే స్పాంజిలా నానిపోతుంది. చలి ఊపిరితిత్తులకి పట్టేసింది, చూడండి ఎలా ఎగపోస్తోందో. కాళ్ళలో కూడా బలం లేదు. తినడానికి ఏం పెడుతున్నారు?"

"బ్రెడ్డు."

ఆమె కలం కింద పెట్టేసింది. "ఇంకా నయం, కాఫీ పట్టించలేదు."

టైలర్ తువాలు అంచు సర్దాడు. నిన్న పొద్దున ఆ పని కూడా చేయబోయాడు మరి.

అతనికి బట్టలతో తప్ప దేనితోనూ పరిచయం లేదు. వీధి వైపు గదిలో కుట్టుమిషను, వెనక రెండు గదుల్లో కాపురం. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే పెంచి పెద్ద చేసిన మేనత్త ఒక్కతే అతనికి దిక్కు. వారం క్రితం ఆవిడ కూరగాయలకని వెళ్ళి ఈ పిల్లని సంచిలో వేసుకొచ్చింది. "గంపలో అన్నీ అటు తిరిగాయిరా, ఇదొక్కటే నన్ను చూసింది," అంది. నల్లగా, గుండ్రంగా మెరిసే దాని కళ్ళు చూసి టైలర్ బొత్తాం అని పేరు పెట్టాడు. ఆ పేరు పెట్టాక అది పెంపుడు పిల్ల కాదు, ఇంటి మనిషి.

డాక్టరమ్మ కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని బల్లంతా దాని కోసం వెతుకుతోంది. చెబుదామా అనుకున్నాడు టైలర్. ధైర్యం చాలలేదు.

"బతుకుతుందాండి?"

"రేపటికి బతికుంటే అడగండి," అని, మళ్ళీ తనకే కటువుగా తోచిందేమో, గొంతు తగ్గించింది. "అట్టపెట్టెలో పెట్టి పైన బల్బు వెలిగించండి. రెండు గంటలకోసారి ఈ చుక్కలు. కాళ్ళ మీద బరువు పడకూడదు. మీకు పనుంటుంది కదా, ఎవరు చూస్తారు?"

"మా ఇంట్లో ఆవిడ ఉన్నారుగా, చూసుకుంటారు."

"ఓ. మంచిది," అంది డాక్టరమ్మ. ఆ 'మంచిది' కాస్త చప్పగా వినిపించింది టైలర్‌కి.

మర్నాడు బొత్తాంని తెచ్చిన వాలకం చూసి ఆమె పగలబడి నవ్వింది. లైనింగు గుడ్డతో చిన్న ఊయల, కాళ్ళు కిందికి దిగడానికి రెండు కన్నాలు, వాటి చుట్టూ చక్కటి కుట్టు. పిల్ల అందులో జమీందారులా వేలాడుతోంది.

"కొలతలు తీసే కుట్టారా?"

"ఛాతీ అయిదంగుళాలండి. నిన్నటికీ ఇవాళ్టికీ తగ్గలేదు."

"ఎంత బాగా కుదిరిందో! ఇంట్లో ఆవిడ కుట్టారా?"

"భలేవారే! ఆవిడకి సూదిలో దారం ఎక్కించడం కూడా చేతకాదండి."

నవ్వు ఠక్కున ఆగిపోయింది. "ఇంట్లోవాళ్ళని బయటివాళ్ళ ముందు అలా తీసిపారేయకూడదండీ," అని మందు చీటీ చేతిలో పెట్టేసింది. తానేమన్నాడో దారంతా ఆలోచించినా టైలర్‌కి అంతుచిక్కలేదు.

మూడోరోజు మధ్యాహ్నం బొత్తాం మెడ వాల్చేసింది. చుక్కల మందు ముక్కు పక్కనుంచి కారిపోతోంది. బయట వాన కుండపోత. టైలర్ పిల్లని చొక్కాలో దోపుకుని, గొడుగు మాటే మరిచి పరుగెత్తాడు. ఆసుపత్రి తలుపు వేయబోతున్న డాక్టరమ్మ అతన్ని చూసి మళ్ళీ తెరిచింది.

ఇంజెక్షను చేసింది. వేడినీళ్ళ సీసాని గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. "ఇక చేయగలిగిందేం లేదు. సాయంత్రం దాకా చూద్దాం," అంది.

"నా వల్లే," అన్నాడతను. చొక్కా అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. "ముచ్చట పడి చంపుకుంటున్నాను."

"తెలియక చేశారు. తెలిశాక ఇంత శ్రద్ధ పెట్టినవాళ్ళని నేను చూడలేదు." ఒక పొడి తువాలు అతని వైపు జరిపింది. "మీ ఆవిడకి ఫోన్ చేయండి, కంగారు పడుతుంటారు."

"ఏ ఆవిడ?"

"అదే, ఇంట్లో ఆవిడ."

"ఆవిడా? మా మేనత్తండి. అరవై రెండేళ్ళు. చూపు ఆనదు."

డాక్టరమ్మ గబుక్కున కుళాయి దగ్గరికి వెళ్ళి అప్పుడే కడుక్కున్న చేతుల్ని మళ్ళీ కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. తిరిగి వచ్చేసరికి ముఖం ఎర్రగా ఉంది.

"ముందే చెప్పచ్చు కదా!"

"మీరు అడగలేదు కదండీ!"

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆ చప్పుడుకో, సీసా వెచ్చదనానికో తువాలులోంచి సన్నగా 'కీచ్' అని వినిపించింది. ఇద్దరి తలలూ ఒకేసారి వంగి ఢీకొన్నాయి. బొత్తాం ఒక కన్ను తెరిచి ఉంది. సాయంత్రానికి వేలి మీది నీటిచుక్క మింగింది. వాన తగ్గేదాకా ఇద్దరూ వంతులవారీగా పట్టారు. తగ్గాక కూడా పట్టారు.

మూడు వారాలకి బొత్తాం ఊయల వదిలి సొంత కాళ్ళ మీద నిలబడి, మేనత్త చీరకుచ్చెళ్ళని లాగేంత మొనగత్తె అయింది. ఆఖరి పరీక్షకి ముగ్గురూ కలిసి వెళ్ళారు.

"పూర్తిగా తగ్గిపోయింది. ఇక తీసుకురానక్కర్లేదు," అంది డాక్టరమ్మ.

"సంతోషమండి," అన్నాడు టైలర్, కొంప మునిగినవాడిలా.

"ఒక్కటే చిక్కు. బాతు ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకుంటుంది. పోయిన వారం ఎవరో గేటు దగ్గర ఒక పిల్లని వదిలేసిపోతే మా ఇంటికి తీసుకెళ్ళాను. రెండూ ఒకచోట ఉంటే మంచిది." ఆమె చూపు బొత్తాం మీదే ఉంది. "నాది మీకివ్వనా? మీది నాకిస్తారా?"

టైలర్ చేతిలోని సంచీ అంచుని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"ఇవ్వడాలూ తీసుకోవడాలూ ఎందుకండీ? మీరే మా ఇంటికి వచ్చేయండి. మీతో పాటు అదీ వస్తుంది. పెళ్ళి చేసుకునే, అంటే... మీకు ఇష్టమైతేనే."

మేనత్తే ముందు తేరుకుంది. "అమ్మాయ్, వీడు ఒక్క బిగిన ఇంత మాట్లాడటం నేను పెంచినన్నాళ్ళలో వినలేదు. నాకు మాత్రం బాగా నచ్చింది. నువ్వు ఆలోచించుకుని చెప్పు."

డాక్టరమ్మ బొత్తాంని ఎత్తి టైలర్ చేతుల్లో పెట్టింది. చేతులు వెంటనే వెనక్కి తీసుకోలేదు.

"ఆదివారం పొద్దున మా నాన్నగారు ఇంట్లోనే ఉంటారు. అత్తయ్యగారితో కలిసి రండి," అంది. "దీన్ని మాత్రం తీసుకురాకండి. ఆయనకి బాతులంటే భయం. ఇంట్లో ఉన్న ఒక్కదానికే వారం నుంచి మంచం దిగడం లేదు."